సుంకి ఘాట్ దిగే లారీకి కిరాయి ఎందుకు గిట్టదు?

విశాఖ నుంచి సాలూరు, సుంకి ఘాట్ మీదుగా ఒడిశా కొండల్లోని జయపురం ఎక్కే లారీకి, జయపురం నుంచి విశాఖ దిగే లారీకి రోడ్డు ఒకటే, ఘాట్ ఒకటే, టోలు గేట్లూ అవే. కిరాయి మాత్రం ఒకటి కాదు. పైకి సిమెంటో, ఇనుప చువ్వలో, ఎరువు బస్తాలో వేసుకుని పోయినప్పుడు టన్నుకు పలికిన రేటు, అదే బండి కిందికి వచ్చేటప్పుడు సగానికి పడిపోతుంది, కొన్ని నెలల్లో అది కూడా దొరకదు. ఇదంతా బ్రోకర్ల మోసం అని తిట్టుకోవడం సులువు, అందులో కొంత నిజం లేకపోలేదు, కానీ రేపు పొద్దున్న బ్రోకర్లందరినీ తీసి పక్కన పెట్టినా రిటర్న్ రేటు, అంటే తిరుగు దారి లోడు కిరాయి, పెద్దగా లేవదు. ఎందుకంటే దాని మూలం సరుకులో ఉంది, ఇంకా లోతుగా చూస్తే సొంత బండి సొంత డ్రైవింగ్ చేసుకునే ఓనరు వేసుకునే లెక్కలో ఉంది.

ముందు సరుకు సంగతి. జయపురం ఉన్న కోరాపుట్ జిల్లాలో సరుకు లేదని కాదు, కావలసినంత ఉంది. దామంజోడిలో నాల్కో కంపెనీ తీసే అల్యూమినా (అల్యూమినియం తయారీకి వాడే పొడి) విశాఖ పోర్టుకు పోతుంది, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైను మీద ఇవే కొండల్లోంచి కిందికి దిగుతుంది. కానీ రెండూ రైలు ఎక్కేస్తాయి. లారీకి మిగిలేది రైలు వద్దనుకున్నది. పైకి వెళ్లే వైపు చూస్తే కోరాపుట్, జయపురం, నవరంగపూర్ జనం తినేది, కట్టేది, పొలంలో చల్లేది చాలావరకు తీరం నుంచే రావాలి, అది ఏడాది పొడుగునా ఉండే లోడు. కిందికి వచ్చేది పంట. పంటకు కాలం ఉంటుంది, కాలం అయిపోతే లోడూ అయిపోతుంది. ఈ బేరం కొత్తదేం కాదు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేది, తర్వాత సరిహద్దు గీశారు గానీ జయపురం షావుకారు సరుకు కోసం చూసే దిక్కు మారలేదు.

పెట్రోలు, డీజిల్ ట్యాంకర్ల వాళ్లకు ఈ గొడవ లేదు. ట్యాంకరు తిరుగు దారిలో ఖాళీగానే వస్తుందని ఆయిల్ కంపెనీలకు తెలుసు కాబట్టి రానుపోను దూరం మీదే కిరాయి కడతారు. ఓపెన్ బాడీ లారీకి అలా కట్టే పార్టీ, అంటే సరుకు పంపేవాడు, లేడు. ‘తిరిగి వచ్చేటప్పుడు ఏదో ఒకటి దొరుకుతుందిలే’ అనే ఆశను పార్టీ ముందే రేటులోంచి తీసేస్తాడు. అంటే రిటర్న్ లోడు దొరికినా దొరకకపోయినా, అది దొరికిందన్న లెక్కలోనే పైకి వెళ్లే కిరాయి ఖాయమైపోతోంది. అసలు దెబ్బ ఇక్కడ పడుతోంది, కానీ చాలామంది కళ్లకు కనపడేది జయపురంలో బ్రోకరు చెప్పే రేటు మాత్రమే.

ఆ రేటు ఎక్కడిదాకా పడుతుంది? లెక్క వేసి చూద్దాం, అంకెలు ఉదాహరణకు మాత్రమే, ఎవరి బండికి వాళ్లవి వేసుకోవచ్చు. పది టైర్ల లారీ, సరుకు 18 టన్నులు, దూరం సుమారు 220 కిలోమీటర్లు, డీజిల్ లీటరు 95 రూపాయలు అనుకుందాం. ఖాళీగా దిగితే లీటరుకు ఐదున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 40 లీటర్లు, 3,800 రూపాయలు. లోడుతో దిగితే లీటరుకు నాలుగు, అంటే 55 లీటర్లు, 5,225 రూపాయలు. లోడు వేసుకున్నందుకు అదనంగా పడే డీజిల్ 1,425 రూపాయలు. కమీషన్, కాటా, మామూళ్లు, ఆగినందుకు తిండి ఖర్చు కలిపి ఇంకో 1,500. మొత్తం 2,925. దీన్ని 18తో భాగిస్తే టన్నుకు 163 రూపాయలు. ఆ పైన ఎంత వచ్చినా ఖాళీగా రావడం కంటే మేలే, అని బండి ఓనరుకు అనిపిస్తుంది. ఒక్క ట్రిప్పు వరకు చూసుకుంటే అది తప్పు కూడా కాదు.

చిక్కేమిటంటే ఆ పూట జయపురంలో ఖాళీగా నిలబడిన ప్రతి బండి ఓనరూ ఇదే లెక్క వేస్తాడు. నాలుగు బండ్లకు రెండు లోడ్లు ఉంటే రేటు 450 నుంచి 400కి, 350కి, అలా ఆ 163 వైపే జారుతుంది. ఎవరికి వారు తెలివిగా నిర్ణయం తీసుకుంటారు, అందరూ కలిసి రేటును ముంచుతారు. ఇందులో బండి అప్పు కిస్తీ ఊసే లేదని గమనించాలి. టైర్ల అరుగుదల లేదు, ఇన్సూరెన్స్ లేదు, డ్రైవింగ్ సీట్లో కూర్చున్న ఓనరు కూలీ లేదు. సరుకుతో కలిపి 28.5 టన్నులు తూగే ఇలాంటి బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఒక్కటే 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం ఏడాదికి 43,950 రూపాయలు, నేషనల్ పర్మిట్ 16,500. ఇవన్నీ పైకి వెళ్లే కిరాయి నుంచే రావాలి, కానీ ఆ కిరాయి కూడా రిటర్న్ లోడు ఉందనుకుని కోసిందే కదా. రెండు పక్కలా కోత.

బ్రోకరుకు ఈ లెక్క ఓనరు కంటే బాగా తెలుసు. ఫోను ఎత్తగానే అతను రేటు చెప్పడు, ‘ఏం గురూ, బండి ఖాళీ అయిందా? ఎప్పుడయింది?’ అని అడుగుతాడు. పొద్దున్నే అయిందంటే ఒక రేటు, నిన్న మధ్యాహ్నం అయిందంటే ఇంకో రేటు. తర్వాత బండి నంబరు అడుగుతాడు, లోడింగ్ స్లిప్పు కోసమే అన్నట్టు. ఏపీ 35, ఏపీ 39 నంబరయితే ఆంధ్రా బండి, ఎలాగైనా ఘాట్ దిగి ఇంటికి పోవాల్సిందే. ఓడీ 10 అయితే కోరాపుట్ బండి, వీడికి తొందర లేదు, సాయంత్రం ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు. అనుభవం ఉన్న ఓనర్లు అందుకే ఖాళీ కాకముందే, ఇంకా సరుకు దింపుతుండగానే నలుగురికి ఫోన్లు చేసి పెట్టుకుంటారు, ఖాళీ అయ్యాక చేసే ఫోనుకు బలం ఉండదు.

సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగు ఓనర్ల పరిస్థితి ఇక్కడే విచిత్రంగా ఉంటుంది, బయటి వాళ్లు రాసే ట్రాన్స్‌పోర్ట్ విశ్లేషణల్లో ఇది కనపడదు. విజయవాడ, విశాఖ ఓనరుకు మంచి కిరాయి ఇంటి దగ్గర దొరుకుతుంది, చౌక కిరాయి పరాయి ఊళ్లో. కోరాపుట్, జయపురం, రాయగడ ఓనరుకు ఇది తిరగబడింది. అతను ఇంటి దగ్గర చౌక లోడు ఎత్తుకుని బయల్దేరతాడు, మంచి లోడు కోసం విశాఖలో నిలబడతాడు. లారీ ఆఫీసు భాషలో రిటర్న్ అనేది అతని ఇంటి గుమ్మంలోనే మొదలవుతుంది. దీనివల్ల ఒక లాభం ఉంది: చౌక వైపు ఆగడం అతనికి చౌక. లాడ్జి లేదు, హోటల్ తిండి లేదు, ఆ రెండు రోజుల్లో బ్రేక్ లైనర్లు మార్పించుకుంటాడు, గ్రీజు పెట్టించుకుంటాడు, పట్టాకు (సరుకు మీద కప్పే టార్పాలిన్‌కు) చిల్లులు కుట్టించుకుంటాడు. కాబట్టి రేటు కోసం గట్టిగా నిలబడగలిగేది అతనే. ఫ్యాక్టరీల లోడింగ్ దగ్గర స్థానిక ఓనర్ల సంఘాలు సీరియల్ నంబరు పెట్టి ముందు లోకల్ బండికి అనే పద్ధతి ఒడిశాలో చాలాచోట్ల ఉంది కూడా. కానీ మండీలో, మిల్లు దగ్గర, షావుకారు గోడౌను దగ్గర ఆ నంబరు పనిచేయదు. అక్కడ అతని పోటీ పక్కింటి బండితో కాదు, రాయపూర్ వైపు నుంచి సగం లోడుతో దిగుతూ దారిలో ఏది దొరికితే అది ఎక్కించుకునే పద్నాలుగు టైర్ల బండితో. ఆ బండికి జయపురం లోడు కేవలం పైడబ్బు, లోకల్ బండికి అదే బతుకుతెరువు. రేటు పైడబ్బు చూసుకునేవాడే పెడతాడు.

మరి ఆగాలా, ఖాళీగా దిగిపోవాలా? ఎక్కువ మంది టన్ను రేటు చూసి తేల్చుకుంటారు. చూడాల్సింది రోజు లెక్క. ముందు అనుకున్న బండే తీసుకుందాం. పైకి టన్ను 900 చొప్పున 16,200 కిరాయి, ఘాట్ ఎక్కడానికి డీజిల్ 6,550, ఇతర ఖర్చులు 1,500 పోతే 8,150 మిగులు. టోలు లోడున్నా లేకున్నా ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెడదాం. ఖాళీగా దిగితే 3,800 పోయి 4,350, రెండు రోజుల్లో ట్రిప్పు ముగిస్తే రోజుకు 2,175. 450 రేటుకు రిటర్న్ లోడు పట్టుకుంటే మొత్తం మిగులు 9,525. దానికోసం ఒక రోజు ఆగితే రోజుకు 3,175, రెండు రోజులు ఆగితే 2,381, మూడు రోజులు ఆగితే 1,905. అంటే మూడో రోజు ఆగడంతోనే ఖాళీగా వచ్చినవాడి కంటే వెనకబడ్డట్టు. అదే 250 రేటుకైతే మొత్తం మిగులు 5,925, ఒక్క రోజు ఆగినా రోజుకు 1,975 మాత్రమే, ఖాళీగా దిగిపోవడమే నయం.

అయితే ఈ లెక్క మొత్తం ఒక్క మేకు మీద వేలాడుతోంది: కింద విశాఖలో పై లోడు తయారుగా ఉందా లేదా. ఉంటేనే జయపురంలో పోయే రోజుకు విలువ. విశాఖలో కూడా వరసలో ఐదు రోజులకోసారే లోడు వస్తుంటే ఖాళీగా పరుగెత్తుకుని పోయి అక్కడ నిలబడటం వల్ల ఒరిగేది లేదు, అప్పుడు 250కైనా, 200కైనా ఎత్తుకుని నిదానంగా దిగడమే సరైనది. ఒకే రేటు ఒక వారం తీసుకోదగ్గది, ఇంకో వారం కాదు. చాలామంది ‘నేను ఫలానా రేటుకు తక్కువ ఎత్తను’ అని ఒట్టు పెట్టుకుంటారు, వినడానికి పౌరుషంగా ఉంటుంది, కానీ రెండో వైపు లోడు తేదీ తెలియకుండా పెట్టుకున్న ఒట్టు అది. విశాఖ పార్టీతో నెలకు ఇన్ని ట్రిప్పులు అని నోటిమాట ఒప్పందం ఉన్నా చాలు, కిందికి వచ్చే ప్రతి బేరంలోనూ ఆ ఓనరు మాటకు బరువు వస్తుంది.

కిస్తీ ఇక్కడ తలనొప్పి తెస్తుంది. నిజానికి ఈ లోడు ఎత్తాలా వద్దా అనే ప్రశ్నలో కిస్తీకి చోటు లేదు, ఎత్తినా ఎత్తకపోయినా నెలకు కట్టాల్సింది కట్టాల్సిందే. కానీ ఐదో తారీకు దగ్గర పడితే ఏ ఓనరూ అలా ఆలోచించడు. అప్పుడు కావలసింది లాభం కాదు, చేతిలో నగదు. 450 రేటు, బ్యాలెన్స్ నెలన్నరకు అనే పార్టీ కంటే 300 రేటు, తొంభై శాతం అడ్వాన్స్ అనే పార్టీ ముద్దొస్తాడు. ఈ టెన్షన్ లారీ ఆఫీసులో అందరికీ తెలుసు, నెల మొదటి వారంలో రేట్లు మెత్తబడతాయని అక్కడ కూర్చునేవాళ్లు నవ్వుతూ చెబుతారు. కిస్తీ తేదీని మార్పించుకోవడం, ఒక నెల కిస్తీ ఎప్పుడూ పక్కన ఉంచుకోవడం వంటి చిన్న ఏర్పాట్లే రేటు విషయంలో పెద్ద తేడా తెస్తాయి. అది అందరికీ కుదిరే పని కాదు, నిజమే.

తక్కువ రేటును బరువుతో పూడ్చుకుందామనే ఆలోచన దీని తర్వాతి మెట్టు. టన్ను కిరాయి కాబట్టి నాలుగు టన్నులు ఎక్కువేస్తే సరిపోతుందని. 2019 సెప్టెంబరు 1 నుంచి ఓవర్‌లోడు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. 250 రేటు మీద నాలుగు టన్నులు ఎక్కువేస్తే వచ్చేది వెయ్యి. పట్టుబడితే 28,000. దీనికి తోడు అది సుంకి నుంచి సాలూరు దాకా దిగే ఘాట్, మలుపుల్లో బ్రేకు డ్రమ్ములు వేడెక్కితే పెడల్ తొక్కినా బండి ఆగదు. ఎక్కేటప్పుడు ఓవర్‌లోడు డీజిల్ తాగుతుంది, దిగేటప్పుడు ప్రాణం అడుగుతుంది. ఇంకో మాట, బరువు పెంచితే రేటు పడుతుంది. 2018 జూలైలో కేంద్రం పది టైర్ల బండి మొత్తం బరువును 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది, అన్ని రకాల లారీలకూ ఇలాగే పెంచింది. కాగితం మీద ఓనరుకు మేలు. కానీ సరుకు పెరగలేదు, మోసే శక్తి ఒక్కసారిగా పెరిగింది, అదే సరుకుకు తక్కువ బండ్లు చాలాయి. అదే నెల 20న లారీ యజమానులు దేశమంతా సమ్మెకు దిగారు గానీ, బరువు పెంపు మాత్రం అలాగే ఉండిపోయింది.

సీజన్ వచ్చినప్పుడు బొమ్మ తిరగబడుతుంది. నవరంగపూర్ మొక్కజొన్న అక్టోబరు తర్వాత మార్కెట్‌కు దిగితే ఆంధ్రా కోళ్ల దాణా మిల్లులకు బండ్లు కావాలి, ఆ కొన్ని వారాలు బ్రోకరే ఓనరుకు ఫోను చేస్తాడు. వేసవిలో చింతపండు, పలాసకు పోయే జీడిపిక్కలు. అయితే మొక్కజొన్నలో ఒక ముల్లు ఉంది, తరుగు. పచ్చి గింజ దారిలో ఆరుతుంది, దింపే చోట కాటాలో బరువు తగ్గుతుంది, ఆ తగ్గింది కిరాయిలోంచి కోస్తారు, అది కూడా గింజ ధరకు. 2025-26 మద్దతు ధర క్వింటాకు 2,400 రూపాయలు, క్వింటా తరుగు వస్తే 300 రేటు మీద ఎనిమిది టన్నుల కిరాయి గోవిందా. లోడింగ్ దగ్గరే ఎంత తరుగు వరకు కోత ఉండదో బిల్టీ (సరుకు రవాణా రసీదు) మీద రాయించుకోవాలి, నోటిమాట ఆ కాటా దగ్గర చెల్లదు.

రాయగడ వైపు కొంచెం నయం, ఎందుకంటే అక్కడ రెండు వైపులా ఫ్యాక్టరీ సరుకు ఉంది. జేకేపూర్ పేపరు మిల్లుకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జామాయిలు, సరుగుడు కలప పైకి పోతుంది, పేపరు కిందికి వస్తుంది. తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ (ఇనుప మిశ్రమ లోహాల) ఫ్యాక్టరీ ఉంది. అయినా కలప దించిన బండికి పేపరు లోడు ఇమ్మంటే వెంటనే ఇవ్వరు. అడుగు పలకల్లో మేకులు లేచి ఉండకూడదు, బెరడు ముక్కలు ఊడ్చి ఉండాలి, పట్టాకు చిల్లు ఉండకూడదు, పేపరు రీలు తడిస్తే కిరాయి మొత్తం నష్టపరిహారం క్లెయిమ్‌కే పోతుంది. కలపకు ఒక బాడీ, పేపరుకు ఒక బాడీ కావాలి, ఉన్నది ఒక్క బండి. అడుగున ఇనుప రేకు పరిపించుకుని, మంచి పట్టా కొనుక్కున్నవాడికే ఆ రెండు వైపుల లాభం దక్కుతుంది. ఆ ఖర్చు రేటు గురించి బ్రోకరుతో ఏడాదంతా కొట్లాడటం కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

జయపురం నుంచి నేరుగా దిగకుండా జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ పోయి, అక్కడ ఇనుము ఎత్తుకుని విశాఖకో విజయవాడకో దిగే త్రికోణం ట్రిప్పులు కొందరు వేస్తారు. రాయపూర్‌లో లోడుకు కరువు లేదు, కానీ అక్కడిదాకా ఖాళీగా పోవడానికి నాలుగు వందల కిలోమీటర్ల డీజిల్ ముందు చేతిలో ఉండాలి, పైగా ఇంటి మొహం చూడటం తగ్గుతుంది. ఒక్కడే డ్రైవరు, ఒక్కడే ఓనరు అయిన బండికి ఇది నెలకు ఒకటి రెండుసార్లు కుదిరితే ఎక్కువ. యాప్‌ల సంగతి కూడా ఒక ముక్కలో చెప్పేయవచ్చు: ఫాస్టాగ్‌కూ డీజిల్‌కూ పనికొస్తాయి, రిటర్న్ లోడు దగ్గరకొస్తే అదే బ్రోకరు అదే లోడును అందులో పెడతాడు, తేడా ఏమిటంటే ఇప్పుడు నలుగురికి బదులు నలభై మందికి కనిపిస్తుంది.

రేటు కంటే చిన్నవిగా కనపడే వాటిలో ఒక్కటి మాత్రం కచ్చితంగా పట్టించుకోవాలి, డీజిల్ ఎక్కడ పోయించాలి అనేది. ఆంధ్రాలో డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్‌తో పాటు లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు వేస్తున్నారు, ఒడిశా పన్నులు వేరు, అందుకే సరిహద్దుకు రెండు వైపులా బంకుల్లో ధర ఒకటి కాదు, ఆ రోజు ఎటు తక్కువో చూసుకోవాలి. ఒడిశా వైపు లీటరుకు నాలుగు రూపాయలు తక్కువ ఉందనుకుంటే ఘాట్ దిగే ముందు 200 లీటర్లు పోయిస్తే 800 మిగులు, పైన లెక్కలో రిటర్న్ లోడు తెచ్చిన అదనపు డీజిల్ ఖర్చులో సగానికి పైగా ఇక్కడే తిరిగొచ్చేస్తుంది. అలాంటప్పుడు పైకి వెళ్లేటప్పుడు కూడా ఘాట్ ఎక్కడానికి సరిపడా మాత్రమే పోయించుకుంటే చాలు.

కనీస కిరాయి ప్రభుత్వమే నిర్ణయించాలన్న డిమాండు ఎప్పటిదో. చట్టంలో దానికి దారి ఉంది, మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం సరుకు వాహనాలకు కనిష్ఠ, గరిష్ఠ కిరాయిలపై రాష్ట్రం ఆదేశాలివ్వవచ్చు. కానీ రెండు రాష్ట్రాల మధ్య తిరిగే లోడుకు ఒక రాష్ట్రం పెట్టిన కనీస రేటును అవతలి రాష్ట్రం బండి చేత ఎవరు పాటింపజేస్తారు? హిమాచల్‌లో ఇది కొంతవరకు సాధ్యమైంది, అక్కడి లారీ సంఘాలు గట్టివి, సిమెంటు ఫ్యాక్టరీల లోడంతా సభ్యుల బండ్ల మీదే పోతుంది. అయినా రేటు గొడవలో 2022 డిసెంబరు మధ్యలో దాడ్లాఘాట్, బర్మానా ఫ్యాక్టరీలు మూతపడి 2023 ఫిబ్రవరిలో గానీ తెరుచుకోలేదు, చివరికి టన్నుకు కిలోమీటరుకు 10.30 రూపాయలు, పెద్ద బండ్లకు 9.30 దగ్గర తేలింది. రెండు నెలలు కిస్తీలు ఆగినా అక్కడి ఓనర్లు నిలబడగలిగారు కాబట్టి అది కుదిరింది. జయపురం మండీలో లోడు ఇచ్చేవాడు ఒక ఫ్యాక్టరీ కాదు, పాతిక మంది షావుకార్లు, మోసేవాళ్లు మూడు రాష్ట్రాల వాళ్లు. ఆ పద్ధతి ఇక్కడికి తెచ్చి అతికిస్తే అతుక్కోదు. రాయగడ మిల్లు గేటు దగ్గర అతుక్కోవచ్చు.

రాయపూర్ నుంచి విశాఖ పక్కన సబ్బవరం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరసల కొత్త రోడ్డు కడుతున్నారు, కోరాపుట్ జిల్లా మీదుగానే. అది పూర్తయ్యాక రాయపూర్ పెద్ద బండ్లు జయపురం ఊరి దారి వదిలేసి నేరుగా దిగిపోతాయి, వాటికి ఊళ్లోకి వచ్చి చిల్లర లోడు వెతుక్కునే తీరిక ఉండకపోవచ్చు. లోకల్ ఓనరుకు అది మంచి కబురు. కానీ అదే రోడ్డు మీద విశాఖ బండి పొద్దున్న ఎక్కి సాయంత్రానికి దించేసి రాత్రికి రాత్రే తిరిగిపోగలుగుతుంది, 24 గంటల్లో తిరిగొస్తే టోలు రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లే కాబట్టి ఖాళీగా పరుగెత్తడానికే మొగ్గుతుంది. అప్పుడు మంచి కిరాయి వైపు, అంటే పైకి వచ్చే లోడులో, రోజుకు తిరిగే బండ్లు పెరిగి ఆ రేటు మీద ఒత్తిడి పడుతుంది. కోరాపుట్ ఓనరుకు ఇంటి దగ్గరి రేటు కాస్త లేచి, విశాఖ రేటు కాస్త పడే రోజు అది, రెండూ కలిపి రోజుకు ఎంతన్నది అతను మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సి ఉంటుంది.